నూనె తలకి రంగు పట్టదు

నాకు అనుమానం జాస్తి అని మా ఆయన అంటారు. జాస్తి కాదు, సరిపడా ఉంది. ఇరవై ఏళ్ళుగా జుట్టుకి రంగులు వేసే పని నాది. కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడమనిషీ "ఇది నా సొంత రంగేనండీ, చివర్లు కాస్త సవరించండి చాలు" అంటుంది. నేను మాట్లాడకుండా పాపిట తీసి చూస్తాను. కుదుళ్ళు అబద్ధం చెప్పవు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే చూసే మనిషికి, ఎవరైనా చెప్పిన మాటని చెప్పినట్టు నమ్మే అలవాటు ఎక్కణ్ణించి వస్తుంది?

మా ఇంటి ముందుగది పార్లరు. వెనక రెండు గదులు, వాటి వెనక నాలుగు అడుగులు వేస్తే అయిపోయే పెరడు. మా వీధి చివర చెరువు ఉంది. మా ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఊళ్ళో అందరూ ఆయన్ని కాంపౌండరుగారనే అంటారు, అసలు పేరు నాకే అప్పుడప్పుడు గుర్తు రాదు. ఇంట్లో మేమిద్దరమే. మూడో మనిషి లేని లోటు మాకు ఎప్పుడూ తెలియలేదు.

అలాంటి ఇంటికి ఒకరోజు మా ఆయన చెల్లెలు వచ్చింది. ఒక చేతిలో పెట్టె, రెండో చంకలో తెల్లటి బాతు.

నేను ముందు బాతుని చూశాను, తర్వాత ఆమెని చూశాను. రెండ్రోజులు ఉండి వెళ్ళే మనిషి ఎవరూ బాతుని వెంటబెట్టుకు రారు. మొగుడితో పడలేదట. ఎందుకు పడలేదని అడిగితే "పడలేదు వదినా" అంటుంది, అంతకు మించి పెదవి విప్పదు. బాతు సంగతి మాత్రం అడక్కుండానే చెప్పింది.

"గుడ్డు నుంచి నేనే పెంచాను వదినా. ఆ ఇంట్లో నాదని చెప్పుకోడానికి ఇదొక్కటే ఉంది. వదిలేసి రాబుద్ధి కాలేదు."

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఒకటిన్నర మొగుళ్ళతో కాపురం చేసే ఓపిక నాకు లేదు, పైన బాతొకటి. ఆ వారమంతా అది పెరట్లో ఉంది. ఉండడమంటే ఓ మూల పడి ఉండడం కాదు. నేను వెనక తలుపు తీసేసరికి గడప మీద కూర్చుని ఉండేది. "వచ్చావా మహాతల్లీ, నీకోసమే కాచుకు కూర్చున్నాను, పొద్దున్నే నీ మొహం చూడకపోతే నాకు తెల్లవారదు కదూ" అని దులిపేసి, నిన్నటి రొట్టె అంచు ఒకటి దూరంగా విసిరేదాన్ని. అది రొట్టె వెనక పోయాక గడప కడుక్కునేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే గడప, అదే మహాతల్లి. పార్లరుకి వచ్చేవాళ్ళు ముక్కులు మూసుకోవడం మొదలుపెట్టాక, ఈ ఇంట్లో బాతుకి చోటు లేదని అన్నాచెల్లెళ్ళిద్దరికీ వినపడేలా చెప్పాను.

మా ఆయన దాన్ని తీసుకెళ్ళి చెరువులో వదిలేసి వచ్చారు. ఆమె ఏడవలేదు. గుమ్మంలో నిలబడి అటే చూసింది. ఉన్నమాట చెప్పాలంటే, ముందు బాతు పోతే వెనకే మనిషీ పోతుందని నా లెక్క. మనిషి పోలేదు.

పోకపోగా పార్లర్లో చేతికి అందిరావడం మొదలుపెట్టింది. నేలమీద జుట్టు ఊడ్చేది, తువ్వాళ్ళు ఉతికేది, వచ్చినవాళ్ళ తలలు కడిగేది. చెయ్యి మెత్తనిది. రెండు నెలలయ్యేసరికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు "ఆ అమ్మాయి చేత కడిగించండి" అని అడగసాగారు. అది నాకు నచ్చలేదు. ఒకరోజు రంగు కలుపుతుంటే పక్కన నిలబడి చూస్తోంది.

"ముందు రెండుసార్లు షాంపూతో కడగాలి" అని నేనే చెప్పాను. "నూనె తలకి రంగు పట్టదు. నూనె అంతా వదిలాకే రంగు పెట్టాలి."

"ఒకసారి పట్టాక నీళ్ళలో పోతుందా వదినా?"

"పోతే మన దగ్గరికి ఎవరొస్తారే?"

"ఎంతసేపు నీళ్ళలో ఉన్నా పోదా?"

నేను బ్రష్ ఆపి ఆమె మొహంలోకి చూశాను. ఎంతసేపు నీళ్ళలో ఉన్నా అంటే ఏమిటి? తలతో ఎవరైనా రోజంతా నీళ్ళలో ఉంటారా? ఆమె గబుక్కున తువ్వాళ్ళ బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడంలో నాకు మొదటి అనుమానం పుట్టింది.

దానికి తోడు మా వీధి మలుపులో ఒక కొట్టు కొత్తగా తయారవుతోంది. అద్దాలకి లోపలివైపు నించి కాగితాలు అంటించారు. లోపల సుత్తి చప్పుళ్ళు. పెద్ద పెద్ద అద్దాలు దింపడం నేను కళ్ళారా చూశాను. అన్ని అద్దాలు ఎవరికి కావాలి? పార్లరుకి కావాలి. ఎవరిదని అడిగితే వడ్రంగి తెలీదన్నాడు. తెలీకుండా ఎవడైనా పని చేస్తాడా?

బట్టల కొట్టావిడ నా దగ్గర పాత ఖాతా. ఆమె తల దువ్వుతుంటే మెల్లిగా నా చెవిన వేసింది.

"మీ ఆడపడుచు పొద్దున్నే ఆ కాగితాల కొట్టు వైపు వెళ్తుంటుంది, మీరు పంపిస్తున్నారా?"

"ఎప్పుడు?"

"రోజూనండీ. చేతిలో ఏదో పొట్లం కూడా ఉంటుంది. నాకెందుకులెండి, మీరు తెలిసినవాళ్ళు కాబట్టి చెప్పాను."

నిప్పు లేనిదే పొగ రాదు. పని నేర్చుకుంది, నా మనుషుల్ని మచ్చిక చేసుకుంది, ఇక మలుపులో కొట్టు తెరిస్తే నా కుర్చీలో కూర్చునేదెవరు? నాకు పిల్లలు లేరు, చదువు లేదు. ఉన్నదల్లా ఈ ముందుగది ఒక్కటే. ఇది పోతే నేను ఎవరిని? రాత్రీ పగలూ ఇదే దిగులు. ఆమె నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

సరిగ్గా అప్పుడే మైకు పెట్టుకున్న ఆటో ఒకటి మా వీధిలో తిరిగింది. చెరువులో జనం వదిలేసిన ఇంటి బాతులు ఎక్కువైపోయాయట. అవి అడవి బాతులతో జత కట్టి రెండు జాతుల్నీ కలగాపులగం చేస్తున్నాయట. వచ్చే వారం ఇంటి బాతుల్ని ఏరి పట్టేస్తారు, ఎవరివి వాళ్ళు వచ్చి సంతకం చేసి తీసుకెళ్ళి సొంత పెరట్లో కట్టడి చేసుకోవాలి, దిక్కులేనివాటిని మాంసం కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారు. ఏది ఇంటిదో ఏది అడవిదో గుర్తుపట్టి చెప్పే పని మా ఆయనకి అప్పగించారు. నా మట్టుకు నేను ఆ కబురు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఆ సాయంత్రం నుంచి అన్నాచెల్లెళ్ళు పెరట్లో గుసగుసలు. నేను వెళ్తే ఆగిపోయేవి. ఒకసారి మాత్రం మా ఆయన మాట చెవిన పడింది.

"నేను చూస్తే చూసినట్టే చెప్పాలి. మీ వదినని అడుగు."

"వద్దన్నయ్యా. వదినకి చెప్పొద్దు."

నాకు చెప్పొద్దట. నా ఇంట్లో, నా పెరట్లో, నా మొగుడితో. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. ఈయనకి కూడా తెలుసన్నమాట. తెలిసి, చెల్లెలి పక్షమన్నమాట.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి పార్లరు అనుభవం లేదు. ముదురు గోధుమ రంగు డబ్బా మూత మీద నా తలవెంట్రుక ఒకటి అడ్డంగా పరిచి పెట్టాను. మర్నాడు ఊరవతల ఒక పెద్దావిడ ఇంటికి పిలిస్తే వెళ్ళి, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాను. వెంట్రుక లేదు. డబ్బాలో రెండు ట్యూబులు లేవు. చేతి తొడుగులు ఒక జత, చిన్న బ్రష్, పాత తువ్వాలు మాయం. షాంపూ సీసా సగానికి దిగింది. స్నానాలగది నేలంతా తడి, రంగు వాసన. మా ఆడపడుచు వంటింట్లో తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. గోళ్ళ చుట్టూ గోధుమ రంగు.

"ఏం చేస్తున్నావు ఇంతసేపూ?"

"తల కడుక్కున్నాను వదినా."

ఆమె తల చూశాను. పొద్దున రాసుకున్న నూనె రాసుకున్నట్టే మెరుస్తోంది. నాతోనా అబద్ధం, అదీ తల గురించి.

అప్పుడేమీ అనలేదు. దొంగని పట్టుకుంటే సొత్తుతో సహా పట్టుకోవాలి. మర్నాడు పొద్దున ఆమె పొట్లం చేతబట్టుకుని వీధిలోకి వెళ్ళగానే నేను ఆమె గదిలోకి వెళ్ళాను. మంచం కింద చూశాను, దిండు కింద చూశాను. ట్యూబులు లేవు. అంటే కొట్టుకి చేరవేసేసిందన్నమాట. దొరక్కపోవడమే నాకు సాక్ష్యమైపోయింది. ఆమె పెట్టె దించి, బట్టలన్నీ మడతపెట్టి సర్ది, మూత నొక్కి, తెచ్చి వీధి గుమ్మం ముందు మెట్టు మీద పెట్టాను. మధ్యాహ్నం బస్సుకి ఆమె వెళ్ళాలి. వెళ్ళకపోతే నేను వెళ్తాను. ఆ మాట మా ఆయన మొహాన, ఆమె ఎదురుగా, నలుగురిలో చెప్పాలని చెప్పులు వేసుకుని బయల్దేరాను.

కాగితాల కొట్టుకి తాళం వేసి ఉంది. ఆమె అక్కడ లేదు. చెరువు వైపు నుంచి జనం గోల వినిపించింది. బాతుల్ని పట్టే రోజు అదేనని అప్పుడు గుర్తొచ్చింది.

చెరువుగట్టు మీద సగం వీధి ఉంది. నీళ్ళమీద నీటికోళ్ళు, రాళ్ళమీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, అవతలి ఒడ్డున కొంగలు. ఇటు ఒడ్డున ఆసుపత్రి డాక్టరమ్మ, వలలు పట్టుకున్న ఇద్దరు మనుషులు, తీగబోనులు, కాంట్రాక్టరు వ్యాను. మా ఆయన మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని జనానికి పాఠం చెబుతున్నారు. ఇంట్లో నోరు లేని మనిషి, అక్కడ వాగ్ధాటి చూడాలి.

"రంగు చూసి మోసపోకండి. తెల్లదైతే ఇంటిదే, సరే. కానీ అచ్చం అడవి బాతు ఈకలతో పుట్టే ఇంటి బాతులూ ఉంటాయి. వెనక చూడండి. ఇంటిదానికి వెనక బరువు, నడిస్తే పొట్ట నేలకి రాసుకుంటుందేమో అన్నట్టు ఉంటుంది. అన్నిటికంటే గట్టి గుర్తు ఇంకోటుంది. మీరు దగ్గరికి వెళ్తే అడవిది లేచిపోతుంది. ఇంటిది మీ చేతిలో ఏముందో చూస్తుంది."

జనం నవ్వారు. ఒక మనిషి మాత్రం నవ్వలేదు. తుంగ దగ్గర, అందరికీ ఎడంగా మా ఆడపడుచు నిలబడి ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె నన్ను చూడలేదు. ఎటో చూస్తోంది. దొంగ చూపు ఎటు పోతే సొత్తు అటే ఉంటుందని నేనూ అటే చూశాను.

తుంగ పక్కన గట్టు మీద గోధుమరంగు బాతుల గుంపు ఒకటి ఎండ కాచుకుంటోంది. వలల మనుషులు నాలుగడుగులు ముందుకు వేసేసరికి గుంపంతా ఒక్కసారి లేచి నీళ్ళ మధ్యకి పోయి వాలింది. ఒక్కటి మిగిలింది. అదీ గోధుమరంగే. నీళ్ళ అంచుదాకా పరిగెత్తి, ఒక కాలు పెట్టి, వెనక్కి తీసేసుకుంది. ఈకలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. వణుకుతోంది.

"ఇదేం బాతండీ, నీళ్ళంటే భయపడుతోంది?" అన్నాడు వలతను.

"జబ్బు చేసిందేమో" అంది డాక్టరమ్మ. "అడవిదేనా కాంపౌండరుగారూ?"

మా ఆయన దాన్ని చూశారు. చెల్లెల్ని చూశారు. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఆ మొహంలో కనిపించింది. ఇప్పటిదాకా ఊరికి పాఠం చెప్పిన మనిషి "చూడాలండీ" అని బూటుతో మట్టి గీకడం మొదలుపెట్టారు.

ఆయన చూడక్కర్లేదు. నేను చూశాను. ఎండ పడినచోట గోధుమలో సన్నటి ఎరుపు తళుకు. ఏ అడవిలోనూ పుట్టని రంగది. నా డబ్బాలో పుట్టిన రంగు. పని కొత్తగా నేర్చుకునేవాళ్ళు అందరూ ఒకే తప్పు చేస్తారు, మెడ వెనక వదిలేస్తారు. దీనికీ మెడ వెనక బొటనవేలంత మేర తెల్లగా ఉంది.

ట్యూబులు, తొడుగులు, షాంపూ అన్నీ నా కళ్ళముందే, బాతు ఒంటి మీద ఉన్నాయి. కొట్టు కోసం కాదు. అది తెలిసి గుండె తేలిక పడాలి కదా. పడలేదు, ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు నన్ను నిద్ర లేకుండా చేసింది ఇదా? నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయింది? ఆమె అప్పుడే నన్ను చూసి భయం భయంగా నావైపు వచ్చింది. నేను నడుం మీద చెయ్యి వేసుకుని నోరు తెరిచాను.

"వచ్చావా మహాతల్లీ. నీకోసమే కాచుకు కూర్చున్నాను, పొద్దున్నే నీ మొహం..."

మాట పూర్తి కాలేదు. గట్టు మీద బాతు తల ఎత్తింది. గొంతు చించుకుని అరుస్తూ, వలల మధ్య నుంచి, డాక్టరమ్మ కాళ్ళ పక్కనుంచి, అటూ ఇటూ ఊగుతూ పరిగెత్తుకొచ్చింది. మా ఆడపడుచుని దాటుకుని వచ్చి, నా చెప్పుల మీద కూర్చుని, తల పక్కకి వంచి నా చేతిలో ఏముందో చూసింది.

గట్టంతా నవ్వింది. నేను తిట్టిన తిట్లకి పారిపోయినవాళ్ళనే చూశాను గానీ, వెతుక్కుంటూ వచ్చిన ప్రాణిని చూడటం అదే మొదటిసారి. నా చేతిలో రొట్టె లేదు. అది నమ్మలేదు, ముక్కుతో అరచెయ్యి తడిమింది.

డాక్టరమ్మ వంగి దాని ఈకలు విడదీసి చూసింది. ఆమె వేళ్ళకి తడి అంటింది.

"చర్మం దాకా నీళ్ళు దిగాయి. బాతుకి తోక మొదట్లో నూనె ఉంటుంది, అది ఒళ్ళంతా రాసుకుంటేనే తేలుతుంది. దీనికి నూనె చుక్క కూడా లేదు. దేనితోనో కడిగేశారు. ఇంకో పూట ఇలాగే ఉంటే చలికే పోయేది. ఎవరు చేశారీ పని?"

మా ఆడపడుచు తలవంచుకుంది.

"నేనేనండీ. తెల్లగా ఉంటే పట్టేస్తారని రంగు వేశాను." తర్వాత నావైపు చూడకుండానే మెల్లిగా అంది. "నూనె ఉంటే రంగు పట్టదని వదిన చెప్పింది. అందుకని రెండుసార్లు కడిగాను."

నేను చెప్పింది అక్షరం తప్పకుండా చేసింది. నేనెప్పుడైనా అంత శ్రద్ధగా ఎవరి మాటైనా విన్నానా అనిపించింది.

"అయితే ఇది ఇంటి బాతే" అంది డాక్టరమ్మ. "నీదే కదమ్మా? సంతకం చేసి తీసుకెళ్ళు. పొడిగా, వెచ్చగా ఉంచు, నాలుగు రోజుల్లో దాని నూనె అదే తెచ్చుకుంటుంది."

"నాదేనండీ. కానీ పెట్టుకునే చోటు లేదు."

ఏడుస్తూ అనలేదు. నన్ను దెప్పిపొడుస్తూ అనలేదు. చిరునామా అడిగితే చెప్పినట్టు చెప్పింది. మా ఆయన నన్ను చూశారు, వెంటనే చూపు దించుకున్నారు. కాంట్రాక్టరు మనిషి బోను తలుపు తెరిచి పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే పొట్లంలో నా పాత రొట్టె ముక్కలు కట్టుకుని ఆ కాగితాల కొట్టు మీదుగా ఈమె ఎక్కడికి వచ్చేదో, పెరట్లో "వదినకి చెప్పొద్దు" అని ఎందుకందో, అంతా ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు కోపమే వస్తుంది.

"చోటు లేకపోవడమేమిటి? మా పెరడు ఎవరిదనుకున్నావు? ఆ కాగితం ఇలా ఇవ్వండి డాక్టరుగారూ, నేను పెడతాను సంతకం. మీరేమిటండీ అలా నిలబడ్డారు, మీ మేనకోడలు చలికి చస్తోంది, పట్టుకోండి."

మళ్ళీ నవ్వులు. మా ఆడపడుచు బాతుని కొంగులో చుట్టుకుంది. డాక్టరమ్మ మా ఆయనతో, ముందు దీన్ని ఇంట్లో దింపి రమ్మంది. నేను సంతకం పెట్టి కలం తిరిగి ఇస్తూ, ఎంత మంచిదాన్నో కదా అని నన్ను నేను మెచ్చుకుంటున్నాను. అంతలో స్కూటరు చప్పుడైంది. అన్న ముందు, చెల్లెలు వెనక, మధ్యలో బాతు తల.

అప్పుడు గుర్తొచ్చింది, మెట్టు మీద పెట్టె.

"ఆగండి" అన్నాను. స్కూటరు మలుపు తిరిగిపోయింది.

నేను పరిగెత్తాను. ఈ వయసులో, ఈ ఒంటితో, చెప్పు ఒకటి తెగితే రెండోదీ చేత్తో పట్టుకుని వీధి మధ్యలో పరిగెత్తాను. బట్టల కొట్టావిడ బయటికొచ్చి "ఏమైందండీ" అంది. ఏం చెప్పను? కాగితాల కొట్టు దగ్గర నిచ్చెన వేసి బోర్డు బిగిస్తున్నారు. పరిగెత్తుతూనే చదివాను. కళ్ళజోళ్ళ కొట్టు.

నేను గుమ్మం చేరేసరికి స్కూటరు గోడకి ఆనించి ఉంది. మా ఆయన తాళంచెవి చేతిలో పట్టుకుని తలుపు వైపు తిరిగి నిలబడ్డారు. తలుపు తీయడం లేదు. మా ఆడపడుచు మెట్టు మీద, పెట్టె పక్కన, బాతుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టె మూతలోంచి ఆమె రవిక చెయ్యొకటి బయటికి వేలాడుతోంది. కోపంలో సర్దాను కదా, సరిగా నొక్కలేదు.

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఏ బస్సుకి వదినా?"

ఆ అడగడంలో నిష్ఠూరం ఉంటే నేను బతికిపోయేదాన్ని. ఎదురు మాట అనేదాన్ని. బస్సు వేళ తెలుసుకోవడానికే అడిగింది. ఆమెని ఇంతకుముందు కూడా ఎవరో ఇలాగే సర్ది గుమ్మంలో పెట్టారని, మొగుడితో ఎందుకు పడలేదని అడిగితే అందుకే చెప్పలేదని అప్పుడు నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది. మా ఆయన ముందు ఏడవడం నాకు అలవాటు లేదు, కాబట్టి మెట్టు మీద చతికిలబడి పెట్టె నా దగ్గరికి లాక్కున్నాను.

మూత తెరిచాను. బట్టలన్నీ ఎత్తి మా ఆయన చేతుల్లో పోశాను. "లోపల, ఆమె అలమరలో పెట్టండి" అన్నాను. ఆయన గబగబా తాళం తీశారు. నేను పార్లర్లోకి వెళ్ళి ఉతికిన తువ్వాళ్ళు నాలుగు తెచ్చి ఖాళీ పెట్టెలో పరిచాను. ఆమె ఒళ్ళోంచి బాతుని తీసుకున్నాను. తడిసి ఇంత బరువుంది, కింద గుండె టకటకా కొట్టుకుంటోంది. దాన్ని తువ్వాళ్ళ మధ్య కూర్చోబెట్టాను. అది రెండుసార్లు చుట్టూ తిరిగి, తోక విదిలించి, పెట్టెలోనే కానిచ్చింది.

"అయ్యో, పెట్టె పాడైపోతుంది వదినా" అంది ఆమె.

"పాడవనీ" అన్నాను. "దానితో నీకింక పనేముంది?"

బాతుకి ఇవతల నేను, అవతల ఆమె, ఇద్దరం దాన్ని తుడవడం మొదలుపెట్టాం. మెడ వెనక వదిలేసిన చోటు ఆమె వేలికి తగిలింది. నేను ముందు అక్కణ్ణించే తుడవమన్నాను.